సిలిండర్ రంధ్రం మధ్యలో లేదు, పారేయాలా?

ప్రశ్న: ఇంట్లో చిన్న లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) ఉందండి. మోడల్ స్టీమ్ ఇంజన్ కిట్ తెప్పించుకున్నా, ముఖ్యమైనవన్నీ బీడు కాస్టింగులే, అంటే పోత ఇనుముతో పోసినవే. పూర్తయ్యాక సిలిండర్ బోరు (లోపలి రంధ్రం) 19 మి.మీ., ఫ్లైవీల్ (ఇంజన్ తిప్పే బరువు చక్రం) 75 మి.మీ. ఉండాలి. సిలిండర్‌కి పోతలోనే వచ్చిన రంధ్రం 15 మి.మీ. ఉంది కానీ మధ్యలో లేదు, గోడ ఒకవైపు 5.5, ఎదురువైపు 3.5 మి.మీ. మాత్రమే. ఫ్లైవీల్ తిప్పబోతే టూల్ కీచుమని అరిచి రెండు నిమిషాల్లో మొద్దుబారిపోయింది. కాస్టింగులు వెనక్కి పంపేయాలా?

జవాబు: పంపకండి, ఈ రెండూ అందరికీ ఎదురయ్యేవే. పోత పోసేటప్పుడు లోపలి ఇసుక కోర్ (రంధ్రం కోసం అచ్చులో పెట్టే ఇసుక ముద్ద) ఒక మిల్లీమీటర్ జరిగింది, అంతే. లెక్కేసుకోండి, బయటి కొలత 24, అందులో 19 పోతే గోడ అటూ ఇటూ 2.5 మిగలాలి, అంటే మందంగా ఉన్నవైపు 3, పలచనివైపు 1 మి.మీ. కోస్తే సరిపోతుంది. కాకపోతే ఆ రంధ్రాన్ని మాత్రం నమ్మకండి. నా మొదటి సిలిండర్‌ని నేను ఆ రంధ్రానికే సరిచూసి చక్‌లో (లేత్ మీద ముక్కని పట్టి తిప్పే బిగింపు) పట్టి, డ్రిల్ దింపేసి, రంధ్రాన్ని నున్నగా చేసే రీమర్ కూడా కొట్టేసి, లోపల అద్దంలా వచ్చిందని తెగ మురిసిపోయా, తీరా ఆవిరి దారులు తొలుస్తుంటే పలచని గోడకి చిల్లు పడింది. డ్రిల్లూ రీమరూ ఉన్న దారినే పట్టుకుని పోతాయి. బోరింగ్ టూల్ అలా కాదు, ఒకే మొన కాబట్టి లేత్ ఎక్కడ తిరుగుతుంటే అక్కడే గుండ్రంగా కోస్తుంది.

రంధ్రంలో చెక్కముక్క బిగించి, బయటి గోడల నుంచి కొలిచి కేంద్రం గుర్తుపెట్టి, ముఖం మీద 19 మి.మీ. వృత్తం గీయండి. ఫోర్ జా చక్‌లో (నాలుగు దవడల్నీ విడివిడిగా జరపగలిగేది) ఆ వృత్తం ఊగకుండా సరిచేసి, చెక్క తీసేసి మొదలుపెట్టండి. మొదట్లో టూల్ ఒకవైపే తగిలి టకటకమంటుంది, కంగారు పడొద్దు. చివర్లో లోతు పెంచకుండా అదే సెట్టింగ్‌లో రెండు మూడుసార్లు పంపితే టూల్ పట్టుకున్న బార్ వంగి వదిలేసిన కాస్త కూడా పోతుంది. ఊడదీయకముందే ఆ చివర ఫేసింగ్ చేసేయండి, అంటే ముఖాన్ని చదునుగా కోసేయండి, మళ్ళీ పడితే అంత లంబంగా రావడం కష్టం.

ఇది పాత గొడవేలెండి. జేమ్స్ వాట్‌కి తన మెరుగైన ఆవిరి ఇంజన్ ఆలోచన వచ్చింది 1765లో, కానీ ఆవిరి కారిపోని పెద్ద సిలిండర్ దొరకలేదు, ఎందుకంటే అప్పటి యంత్రాల్లో బార్‌కి ఒక చివరే ఆధారం, కట్టర్ పోతలోని వంకర వెంటే పోయేది. 1775లో జాన్ విల్కిన్సన్ అనే ఇంగ్లండ్ ఇనుప కార్ఖానాదారు బార్‌ని సిలిండర్ లోంచి దూర్చి రెండు చివర్లా పట్టించాకే పని జరిగింది.

ఇక ఫ్లైవీల్. బీడు పైపొర గట్టిగా ఉంటుంది, ఇసుక కూడా అంటుకుని ఉంటుంది, భయపడి సన్నగా గీరితే టూల్ దాని మీదే రుద్దుకుని చస్తుంది. మొదటి కోతే ఒక మి.మీ. లోతు పెట్టి పొర కిందికి వెళ్ళిపోండి. హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) టూల్ అయితే నిమిషానికి 85 చుట్లు చాలు, నూనె, కూలంట్ ఏమీ వద్దు. అయినా ఒకచోట గాజులా మెరుస్తూ కోత పడకపోతే అక్కడ పోత త్వరగా చల్లారి గట్టిపడిందన్నమాట, మొత్తం చక్రాన్ని ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేయండి. అన్నట్టు నల్లపొడి పడుతుందని లేత్‌ని గుడ్డతో కప్పేరు, చక్ లాగేసుకుంటుంది.

ప్రశ్న: బిగించాక నేరుగా ఆవిరితోనే నడపచ్చా?

జవాబు: ముందు ఒకటి రెండు బార్ ప్రెషర్ ఉన్న గాలితో నడపండి, చెయ్యి కాలదు, లీకులు సబ్బునీళ్ళకి తెలిసిపోతాయి. తిరగకుండా మొరాయిస్తే ఎక్సెంట్రిక్ (వాల్వుని ఆడించే, కేంద్రం పక్కకి ఉన్న చక్రం) చూడండి, తిరిగే దిశలో క్రాంక్ కంటే 90 డిగ్రీలు ముందుండాలి, వాల్వుకి ల్యాప్ (ఆవిరి దారి అంచు దాటి ఉండే అదనపు పొడుగు) ఉంటే ఇంకాస్త ఎక్కువ. బాయిలర్‌ని మాత్రం గాలితో పరీక్షించకండి, పగిలితే బాంబే. నిండా నీళ్ళు పోసి, లోపల గాలి లేకుండా చూసి, నడపబోయే ప్రెషర్‌కి రెట్టింపు పంపుతో ఎక్కించి గేజ్ ముల్లు దిగుతుందేమో చూడండి.