నీలం పువ్వు కనపడగానే విష్ణుక్రాంతం అనేయకండి

ప్రశ్న: వానలు తగ్గాక పిల్లలతో దేవమాలి కొండకి వెళ్తే ఎక్కడ చూసినా నీలం, ఊదా పువ్వులే. ఫోన్‌లో యాప్ ఒకే పువ్వుకి ఫొటోకో పేరు చెబుతోంది. చెమ్మ నేలలో మూడు రేకుల నీలం పువ్వుని మా అత్తయ్య విష్ణుక్రాంతం అన్నారు, మధ్యాహ్నానికల్లా అది ముడుచుకుపోయింది. తడి బండ మీద ఇంకోటి, ఆకే లేదు, సన్నటి కాడ, ఊదా పువ్వు. ఇవేంటండీ?
– ఒక పాఠకురాలు, జయపురం

జవాబు: అత్తయ్యగారికి ఎలా చెబుతారో మీ ఇష్టం గానీ, మొదటిది విష్ణుక్రాంతం కాదు. విష్ణుక్రాంతానికి రేకులు విడిగా ఉండవు, ఐదూ కలిసిపోయి గుండ్రంగా కనిపిస్తాయి, మొక్క పొడి నేల మీద పాకుతుంది, ఆకుల నిండా మెత్తటి నూగు. మీది వెన్నదేవి జాతి అయి ఉండాలి. కాడ నీరు పట్టి ఉంటుంది, రెండు పెద్ద నీలం రేకులు, కింద చిన్నది ఇంకోటి, పువ్వు దొప్పలా మడిచిన ఆకులోంచి బయటికొస్తుంది. దొప్ప లేకుండా మూడు రేకులూ ఒకే సైజులో ఉంటే మాత్రం దాని దాయాది మర్డానియా.

రెండోది నాకు భలే ఇష్టం. యుట్రిక్యులేరియా కావచ్చు, పువ్వుకి రెండు పెదవులు, వెనక సన్నటి తోక ఉన్నాయేమో చూడండి. ఇది పురుగుల్ని తినే మొక్క! బండ మీది పల్చటి మట్టిలో నత్రజని పెద్దగా దొరకదు, అందుకని మట్టిలోపల కంటికి ఆననంత చిన్న తిత్తులు పెట్టుకుంటుంది. తిత్తిలో నీళ్లు బయటికి తోడేసి మూత బిగించి కూర్చుంటుంది, మూత దగ్గరి వెంట్రుకలకి ఏ సూక్ష్మజీవో తగిలిందా, రెప్పపాటు కూడా పట్టదు, నీళ్లతో సహా లోపలికి లాగేస్తుంది. అసలు వేళ్లే ఉండవు. ఆకులు పువ్వు వేళకి చాలావరకు మాయమవుతాయి, మీకు కనపడకపోవడం అందుకే.

యాప్‌ని పూర్తిగా తప్పుపట్టలేం. నీలం, ఊదా దగ్గర ఫోన్ కెమెరాలు తికమకపడతాయి, పైగా ఎండకి, వయసుకి పువ్వు రంగే మారుతుంది. అందుకే రంగు ఆఖర్న చూడండి, ముందు రేకులు లెక్కపెట్టి, ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా ఒకటి విడిచి ఒకటా అని చూసి, పువ్వుతో పాటు ఆకు, కాడ కూడా నీడలో ఫొటో తీయండి. నాలుగు నీలం రేకులు, మధ్యలో పసుపు కేసరాలు, ఎదురెదురు ఆకులు ఉంటే ఎక్సాకమ్ అనుకోవచ్చు.

ఇంకోమాట, విష్ణుక్రాంతం జ్ఞాపకశక్తికి మంచిదని పిల్లలకి నూరి పెట్టే ఆలోచన ఉంటే వద్దు. శంఖపుష్పి పేరుతో బజారులో విష్ణుక్రాంతంతో సహా రెండుమూడు వేర్వేరు మొక్కలు అమ్ముతారు, ఆయుర్వేద వైద్యుడికి చూపించకుండా కొండ మీద కోసిందేదీ నోట్లో పెట్టకండి.