65తో చేరి, 60తో కోలుకుని

తమ్ముడూ,

క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ మీద, అదే ఎంత పడుకున్నా తీరని అలసట జబ్బు మీద, నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. జడ వేసుకున్నందుకే సాయంత్రం దాకా మంచం దిగలేకపోయిన మీ అక్క గురించిన పేరా దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాతి పేరాకి ఒళ్లు మండింది. ‘కొద్దికొద్దిగా వ్యాయామం పెంచుకుంటూ పోతే ఐదుగురిలో ఒకరు కోలుకుంటారని బ్రిటన్ శాస్త్రవేత్తలు నిరూపించారు’ అని రాసేశావు. అక్కని రోజూ చూస్తూ ఆ మాట ఎలా రాయగలిగావయ్యా?

నువ్వు చెప్పేది పేస్ అనే ట్రయల్, ఈ జబ్బు చికిత్సల్ని రోగుల మీద పరీక్షించి చూసింది. 641 మంది రోగులు. 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, కోలుకున్నవాళ్ల లెక్క 2013లో చెప్పారు. నువ్వు చదివింది పైన ఉండే సారాంశమేనని నా పందెం. లోపలికి వెళ్లు. శారీరక సామర్థ్యంలో వందకి 65, అంతకన్నా తక్కువ వచ్చినవాళ్లనే చేర్చుకున్నారు. 85 వస్తే కోలుకున్నట్టని ముందు రాసుకున్నారు. ట్రయల్ మొదలయ్యాక దాన్ని 60కి దించారు. అంటే 65తో రోగిగా చేరి 60కి దిగజారినా ఆ కొలతలో పాసే! పైగా ఏ చికిత్స అందుతోందో రోగికి తెలుసు, ఎలా ఉందో చెప్పాల్సిందీ ఆ రోగే.

ఆస్ట్రేలియాలో ఒక రోగి ఆ డేటా అడిగితే ట్రయల్ నడిపిన లండన్ యూనివర్సిటీ ఇవ్వనంది. 2016లో బ్రిటన్ ట్రిబ్యునల్ ఇచ్చి తీరాలంది. మొదటి కొలతలతో మళ్లీ లెక్కేస్తే వ్యాయామం గ్రూపులో 22 శాతం కాస్తా 4 అయింది. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 3. 2021లో, ఏ జబ్బుకి ఏ చికిత్స ఇవ్వాలో బ్రిటన్‌లో చెప్పే నైస్ సంస్థ ఆ వ్యాయామ చికిత్సని సిఫారసుల్లోంచి తీసేసింది.

నేనూ శుద్ధపూసని కాను. ఒకప్పుడు ఒక దినపత్రిక ఆరోగ్యం పేజీకి రాసేవాణ్ణి. ఒక మందు ‘పనిచేయవచ్చు’ అని రాస్తే సబ్‌ఎడిటర్ ‘పనిచేస్తుంది’ అని దిద్ది, పైన ‘అద్భుతం’ తగిలించాడు. ‘జనానికి ఆశ కావాలయ్యా, అనుమానాలు కాదు’ అన్నాడు. వారం తిరక్కుండా ఒక పెద్దాయన ఆ కటింగ్ చొక్కా జేబులో మడిచి పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చాడు, మందు ఏ షాపులో దొరుకుతుందంటూ. టీ ఇప్పించి పంపాను. ఇంకేం చేయను? ‘వచ్చు’ని కోసేసే వాళ్లంటే నాకు అప్పటినుంచీ పడదు. నువ్వు నీ ‘వచ్చు’ని నువ్వే కోసుకున్నావు.

నార్వే డాక్టర్ల కథ కూడా చేర్చు. రిటుక్సిమాబ్ అనే మందు ఈ జబ్బుకి పనిచేస్తోందని, 30 మంది మీద చేసి 2011లో అచ్చేసిన ట్రయల్‌లో వాళ్లకి ఆశ పుట్టింది. 151 మందితో, ఎవరికి ఏది ఎక్కిస్తున్నారో తెలియకుండా మళ్లీ చేశారు. మందు తీసుకున్నవాళ్లలో 26 శాతం మందికి మెరుగైతే, ఉత్తుత్తి మందు ఎక్కించినవాళ్లలో 35! తమ ఆశ తప్పని 2019లో వాళ్లే అచ్చేశారు. అలాంటివాళ్లకి మన పేజీల్లో రెండు అంగుళాలు కూడా దొరకవు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. అది తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పు, అక్కకి ఇప్పుడు జడ ఎవరు వేస్తున్నారు? అది రాయలేదు నువ్వు.