సమాధానం: తేలే ఇల్లు కిచెన్ వైపు ఒరిగిపోతోంది, ఏం చేయాలి?

కిచెన్ మూలన 1000 లీటర్ల ట్యాంకు పెట్టాక ఇల్లు అటు ఒరిగింది, తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి అన్నారు కదా. కంగారు పడకండి, కానీ వాయిదా మాత్రం వేయొద్దండి.

బరువు సంగతి తర్వాత, ముందు ఇంటిని కింద నుంచి తేల్చే బోలు పెట్టె, అదే పాంటూన్‌లోకి నీళ్ళు చేరాయేమో చూడండి. పైనున్న మూత తీసి, టార్చ్ వేసి, పొడి కర్ర ఒకటి అడుగు దాకా దించి పైకి తీస్తే తడి ఎంతవరకు అంటిందో తెలిసిపోతుంది. లోపలికి మాత్రం అస్సలు దిగకండి, ఎప్పుడూ మూసి ఉండే చోట ఆక్సిజన్ చాలకపోతే ప్రాణానికే ప్రమాదం. గోడలకి చెమ్మ ఉంటే పర్లేదు, నీళ్ళు నిలబడి ఉంటే తోడేసి మర్నాడు మళ్ళీ చూడండి, మళ్ళీ చేరితే లీకే, ఇక పని తెలిసినవాళ్ళని పిలవాల్సిందే.

పొడిగా ఉందంటే తప్పు ట్యాంకుదే. మీ పాంటూన్ 60 చదరపు మీటర్లు అన్నారు, అంటే మంచినీళ్ళలో ఇల్లంతా సమంగా 1 సెంటీమీటర్ దిగాలంటేనే 600 కిలోలు కావాలి, మీరేమో టన్ను బరువు తీసుకెళ్ళి ఒక్క మూలన పెట్టారు. ట్యాంకు ఖాళీ చేసి ఇంటి మధ్యకి జరపండి, చాలావరకు అక్కడే సరిపోతుంది.

అవతలి వైపు ఇసుక బస్తాలు వేద్దామా అన్నారు, నాకైతే అది అస్సలు నచ్చలేదు, ఇల్లు సమం అవుతుంది గానీ మొత్తం ఇంకాస్త కిందకి దిగుతుంది, అలలొస్తే నీళ్ళు డెక్ మీదకే. ట్యాంకు జరిపే చోటు లేకపోతే దిగిన వైపు కింద ఫోమ్ నింపిన ఫ్లోట్లు బిగించడం మేలు.

ఇంకోటి, ఇల్లు ఒరిగి ఉన్నప్పుడు, అది కొట్టుకుపోకుండా పట్టి ఉంచే స్తంభాలకున్న రింగులు పట్టేసే అవకాశం ఉంది, నీటిమట్టం మారినప్పుడు అవి ఫ్రీగా జారుతున్నాయో లేదో ఈరోజే చూడండి.