రైఫిల్ సాఫీగా వెళ్లింది, నన్ను ఆపింది ఖాళీ తూటా

"లైసెన్స్ ఉన్న తుపాకీని చెకిన్ లగేజీలో పెట్టి విమానంలో తీసుకెళ్లొచ్చా, ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పెడతారా?" అని అడిగారు. తీసుకెళ్లొచ్చు. నేను 50 మీటర్ల రైఫిల్ పోటీలకు తొమ్మిదేళ్లుగా అలాగే తిరుగుతున్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారే విమానం తప్పింది, అదీ రైఫిల్ వల్ల కాదు.

ముందు మీరు అడిగింది చెప్పేస్తాను. గట్టి పెట్టె, మంచి తాళాలు, తాళంచెవి మీ దగ్గరే. చాంబర్ (తూటా కూర్చునే అర) ఖాళీగా ఉండాలి, దాన్ని మూసే బోల్ట్ తీసి విడిగా పెట్టండి. ఎయిర్‌లైన్స్ అనుమతి ముందే తీసుకోండి. కౌంటర్ దగ్గరికి వెళ్లగానే "లైసెన్స్ ఉన్న స్పోర్ట్స్ రైఫిల్ ఉంది, డిక్లేర్ చేయాలి" అని మామూలు గొంతుతో చెప్పండి. గుసగుసలాడితేనే అనుమానం వస్తుంది. తూటాలు కంపెనీ పెట్టెల్లోనే ఉంచండి. ప్యాకింగ్‌తో కలిపి మనిషికి 5 కిలోలు, ఇద్దరి వాటా కలిపి ఒకే పెట్టెలో సర్దుతామంటే కుదరదు. నాలా పాయింట్ ట్వంటీటూ (.22) చిన్న తూటాలు వాడేవాళ్లకు ఇది చాలా ఎక్కువ, వెయ్యి తూటాలు కూడా 4 కిలోలు దాటవు.

ఇక నా సంగతి. నాలుగేళ్ల క్రితం ఒక పోటీ ముగించుకుని వస్తున్నాను. కౌంటర్ పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. పక్క గదిలో పెట్టె తెరిపించారు, చాంబర్ ఖాళీ అని చూపించే నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ కనబడగానే ఆఫీసరు తల ఊపి సంతకం పెట్టించుకున్నారు. టెన్షన్ తీరిందనుకుని సెక్యూరిటీకి వెళ్లాను. నా హ్యాండ్ బ్యాగ్ స్కానర్లోంచి బయటికి రాలేదు. బెల్టు వెనక్కి తిప్పి మళ్లీ చూశారు, ఇంకొకరిని పిలిచారు.

"మేడమ్, ఈ బూట్లు మీవేనా?"

అవి నా షూటింగ్ బూట్లు. కుడి బూటు లోపలి మెత్త కింద ఒకటిన్నర సెంటీమీటరు ఇత్తడి గొట్టం. పడుకుని కాల్చే వంతులో బూట్లు విప్పి మ్యాట్ పక్కన పెట్టాను, కాల్చాక రైఫిల్లోంచి ఎగిరిన ఖాళీ కేసు, అంటే తూటా తొడుగు, అందులో పడింది. "కాల్చేసింది సార్, ఇందులో మందు లేదు" అంటూనే ఉన్నాను. నేను డిక్లేర్ చేసిన కాగితంలో అది లేదు, వాళ్లకు కావలసింది అదే. కాల్చేసిన ఖాళీ కేసును అమెరికాలో హ్యాండ్ బ్యాగ్‌లో కూడా పోనిస్తారు, అన్నిచోట్లా అలా ఉండదు. స్టేట్‌మెంట్ రాయించుకుని, మా కోచ్‌తో ఫోన్లో మాట్లాడి వదిలేసరికి రెండు గంటలు. మనిషి ఎక్కకపోతే సామాను దించాలి కదా, నా పెట్టె వెతికి దించేదాకా విమానం కదల్లేదు. నాతో వచ్చిన చిన్నమ్మాయి లోపల్నించి "అక్కా, నీ పెట్టె దించేస్తున్నారు" అని మెసేజ్ పెట్టింది. అది చూసి ఏడుపొచ్చింది.

ఆ పెట్టెను ఎవరైనా నా చేతికి ఇస్తారనుకున్నాను. వెళ్లి చూస్తే మామూలు బెల్టు మీద, సూట్‌కేసుల మధ్య తిరుగుతోంది. ఎవరు ఎత్తుకుపోయినా అడిగే నాథుడు లేడు. తీసుకునేటప్పుడు లైసెన్స్ మూడుసార్లు చూసినవాళ్లు, తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్కసారీ చూడకపోవడం ఘోరం. తుపాకీ పెట్టెను కౌంటర్లో, గుర్తింపు కార్డు చూసి మనిషికే ఇవ్వాలి. దీని గురించి ఫిర్యాదు రాశాను, ఇవాళ్టికీ జవాబు లేదు.

విమానం తప్పితే అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. మీ లైసెన్స్ చెల్లని చోట తుపాకీ మీ చేతికొస్తుంది. 2005లో అమెరికాలో యూటా రాష్ట్రం మనిషి ఒకాయన న్యూజెర్సీ రాష్ట్రంలోని నెవార్క్ ఎయిర్‌పోర్టులో కనెక్షన్ విమానం తప్పి, పెట్టె తీసుకుని రాత్రి హోటల్లో ఉన్నాడు. పొద్దున్నే నిజాయితీగా డిక్లేర్ చేస్తే న్యూజెర్సీ చట్టం కింద అరెస్టు చేశారు. ఆ కేసు తర్వాత కొట్టేశారు గానీ, ఆయన వేసిన దావా 2010లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టులో ఓడిపోయింది. రాత్రి తుపాకీ ఆయనకు అందుబాటులో ఉంది కాబట్టి తుపాకీతో రాష్ట్రాలు దాటే ప్రయాణికులకు చట్టంలో ఉండే రక్షణ వర్తించదన్నారు. ఆ దేశంలోనే 2023లో ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ చెక్‌పాయింట్ల దగ్గర 6,737 తుపాకులు దొరికాయి, దాదాపు 93 శాతం లోడ్ చేసి ఉన్నవే. మర్చిపోయామనే చాలామంది చెబుతారు. తుపాకీనే మర్చిపోయేవాళ్లు ఉంటే, తూటా మర్చిపోవడం ఎంతసేపు?

ఇప్పుడు నా దగ్గర షూటింగ్ రేంజ్‌కి ఎప్పుడూ తీసుకెళ్లని బ్యాగ్ ఒకటి ఉంది, విమానంలో చేతిలో ఉండేది అదే. బూట్లు, జాకెట్ చెకిన్‌లో వేస్తాను, అదీ దుప్పటి మీద బోర్లించి దులిపాకే. జాకెట్ జేబుల కుట్ల దగ్గర వేలు పెట్టి చూస్తాను. మీరు నేరుగా వెళ్తున్నారో, మధ్యలో మారతారో రాయలేదు. మారే ప్రయాణమైతే, కాస్త ఖర్చయినా నేరుగా వెళ్లే విమానమే తీసుకోండి.