కిన్నెరకు ఎంత దూరంలో కూర్చోవాలి?

పాఠకుల ప్రశ్నలు: పాట, వాద్యం

ప్రశ్న: నేను కల్వకుర్తి దగ్గర ఒక ఊరి బడిలో పంతులమ్మను. 2021లో ఒక సినిమా పాటకు ముందు వచ్చిన దర్శనం మొగులయ్య గారి గొంతూ, ఆయన వాయించే కిన్నెర అనే తీగవాద్యమూ విన్నప్పటి నుంచి ఆయనకు అభిమానినయ్యాను. దొరికిన వీడియోలన్నీ ఫోన్లో దాచుకుని, రాత్రి గిన్నెలు తోముతూ వింటాను. పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథలో ఆయన పాడే భాగాలు నాకు నోటికి వచ్చు. ఈమధ్య ఒక పట్టణంలో జరిగిన సభలో ఆయన వాయిస్తారని తెలిసి, సెలవు పెట్టి, నా బిడ్డను తీసుకుని వెళ్లాను. ఉపన్యాసాలు మూడు గంటలు సాగాయి. మాకు చోటు దొరికింది ఎక్కడో వెనుక వరుసలో. ఆయన వేదిక ఎక్కగానే నాకు కన్నీళ్లు ఆగలేదు కానీ, వాద్యం మొదలయ్యాక స్పీకర్లు రెండుసార్లు కూత పెట్టాయి, కిన్నెర సన్నగా ఎక్కడో గోడ అవతల మోగినట్టు వినిపించింది, ఏడెనిమిది నిమిషాలు గడవకముందే శాలువా తెచ్చి కప్పేశారు. తిరుగు బస్సులో నా బిడ్డ “ఫోన్లోనే మంచిగుండె కదమ్మా” అన్నది. నేను అవునన్నాను. అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఇన్నాళ్ల నా అభిమానం ఉత్తదేనా, లేక నాకు వినడం రాలేదా?
ఒక పాఠకురాలు, కల్వకుర్తి

సమాధానం: అమ్మా, మీ బిడ్డ ఉన్నమాట అన్నది, మీరూ ఉన్నమాటే అన్నారు. అభిమానం సంగతికి తరువాత వస్తాను, ముందు దూరం సంగతి చూద్దాం.

మీ ఫోన్లో ఉన్న వీడియోలలో చాలావాటిని ఎవరో ఆయన ఎదురుగా నేలమీద కూర్చుని తీసి ఉంటారు. అంటే మైకుకూ కిన్నెరకు కట్టిన సొరబుర్రకూ మధ్య మూరెడో బారెడో ఎడం. ఆ ధ్వనిని మీరు చెవికి ఆనించుకుని, చుట్టూ ఎవరూ లేని వంటింట్లో, ఇన్నేళ్లుగా వింటున్నారు. ఆయన కిన్నెరను మీరు విన్నంత దగ్గరగా ఏ సభలోనూ ఎవరూ విని ఉండరు. అటువంటి చెవిని తీసుకెళ్లి వెనుక వరుసలో కూర్చోబెడితే అది వెలితి పడకుండా ఎట్లా ఉంటుంది? ఆరుబయట, అడ్డూ ప్రతిధ్వనీ లేనిచోట, దూరం రెట్టింపయినప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్లు తగ్గుతుంది. ఒక మీటరు దూరంలో విన్నది 2, 4, 8, 16 మీటర్లకు పోయేసరికి నాలుగుసార్లు రెట్టింపయి 24 డెసిబెల్లు పడిపోతుంది. 20 డెసిబెల్లు తగ్గితేనే ధ్వనిశక్తిలో నూరో వంతు మిగులుతుంది కాబట్టి, మీరు కూర్చున్న చోటికి కిన్నెర తన సొంత బలంతో రావడం జరగని పని. అక్కడికి చేర్చవలసినవి స్పీకర్లే.

ఆ స్పీకర్లకు కిన్నెర అంత తేలికగా లొంగదు. వెదురు దండె, దానికి కట్టిన ఎండు సొరబుర్రలు, తేనెమైనంతో నిలబెట్టిన మెట్లు (స్వరం కోసం తీగను నొక్కే చిన్న కట్టలు), తీగ, పైన అలంకారానికి నెమలి ఈకలూ అద్దపు బిళ్లలూ: ఇంతే సరంజామా. తీగ మోత స్వతహాగా చిన్నది, దానికి గుండ్రదనాన్నీ నిలకడనూ ఇచ్చేది బుర్ర. సభలో మైకేమో గాయకుడి నోటికి ఎదురుగా పెడతారు, ఎందుకంటే నిర్వాహకులకు ముందు మాట వినపడాలి. కిన్నెర చాలడం లేదని వెనుకనుంచి ఎవరో అరిస్తే సౌండ్ పెట్టె దగ్గర కూర్చున్న అబ్బాయి మీట పైకి జరుపుతాడు. అప్పుడు స్పీకరులో నుంచి వచ్చిన మోత తిరిగి మైకులోకి పోతుంది, ఆ మైకు దాన్ని మళ్లీ స్పీకరుకు పంపుతుంది, ఈ చక్రం తిరిగి తిరిగి మీరు విన్న కూత అవుతుంది. బోలుగా ఉన్న బుర్ర కూడా ఊరుకోదు. పెద్ద స్పీకరు పక్కన పెడితే దాని మోతకు తానూ కంపిస్తుంది, మోగవలసిన వాద్యమే వినే చెవిగా మారుతుంది. కూత ఆపడానికి ఆ అబ్బాయి ధ్వనిలో కొన్ని స్వరస్థాయిలను కోసేస్తాడు. కోతకు పోయేది చాలాసార్లు బుర్ర ఇచ్చే ఆ గుండ్రదనమే కనుక, మిగిలిన తీగ చప్పుడు మీకు గోడ అవతలి మోతలాగా వినిపించింది. తప్పు వాద్యకారుడిది కాదు, మీది అసలే కాదు. ఆ అబ్బాయిని కూడా నేను పెద్దగా అనను, ఎందుకంటే డీజే పెట్టెలతో కిన్నెరను వినిపించమంటే ఎవరైనా అంతే చేస్తారు. మూడు గంటల ఉపన్యాసాలకు సమయం దొరికినవాళ్లకు, సభకు ముందు ఒక పావుగంట కూర్చుని ఆ వాద్యానికి మైకు సరిచూసుకునే సమయం దొరకకపోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

నేను కిన్నెరను మొదటిసారి విన్నది అచ్చంపేట వైపు మా అమ్మమ్మ ఊళ్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు. పంటలు ఇంటికి వచ్చిన రోజుల్లో ఒక ముసలాయన వాడకు వచ్చి, వేపచెట్టు కింద గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. వెంటనే వాయించలేదు. ఒక మెట్టు వదులైందని బొటనవేలితో దాని మొదట్లో మైనాన్ని వత్తుతూ, తీగను మీటుతూ, తల పక్కకు వాల్చి వింటూ చాలాసేపు గడిపాడు. పిల్లలం చుట్టూ చేరాం. నా మోకాలికీ ఆ బుర్రకూ మధ్య మూరెడు దూరం కూడా లేదు. ఎండకు మెత్తబడిన మైనం వాసన తేనె వాసనకు దగ్గరగా, కొంచెం పొగచూరినట్టుగా ఉండేది. ఆయన పాడడం మొదలుపెట్టినప్పుడు నాకు మాటలు సరిగా అర్థం కాలేదు కానీ, చరణం ఆపి ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా తీగ ఇంకా లోపల తిరుగుతూ ఉండడం నేలమీద ఆనించిన అరచేతికి తెలిసింది, లేక తెలిసిందని నేను అనుకున్నాను. చివర మా అమ్మమ్మ చేటలో జొన్నలు తెచ్చి ఆయన ఒల్లెలో పోసింది. అప్పుడు వాడలో ఉన్నది ముప్పై మంది, కొస మనిషి కూడా పది అడుగులు మించిన దూరంలో లేడు.

ఆ కొలత యాదృచ్ఛికం కాదు. కిన్నెర దక్కలి కులస్థుల చేతిలో బతికిన వాద్యం. వాళ్లు మాదిగ వాడలకు వెళ్లి, మాదిగల కులపురాణమైన జాంబపురాణం చెప్పి, తమకు రావలసింది హక్కుగా అడిగి తీసుకునేవారు. వాకిలి, చెట్టునీడ, రాత్రి వెన్నెల, ఇవీ దాని వేదికలు. వెయ్యి కుర్చీల పందిరికి దాన్ని ఎవరూ తయారు చేయలేదు. నిడివి సంగతి కూడా అంతే. ఒక వీరుడి కథ ఎత్తుకుంటే ఎక్కడ పెంచాలో ఎక్కడ కుదించాలో ఎదుట కూర్చున్నవారి ముఖాలు చూసి నిర్ణయించుకునే చోట, ఏడెనిమిది నిమిషాలంటే తీగ సవరించుకుని, దేవుణ్ని తలుచుకుని, ఊరి పేరు చెప్పేలోపే అయిపోతాయి. మీకు వినిపించింది సాయన్న కథ కాదమ్మా, దాని గడప మాత్రమే.

ఇక అభిమానం. మీకు ఆ కథ నోటికి వచ్చునని రాశారు కదా, అది మీకు అక్కరకు వస్తుంది. ఈ పద్ధతిలో గాయకుడు ఒక పాదం పాడి ఆపితే, అదే వరుసను మాట లేకుండా కిన్నెర పలుకుతుంది. మాట తెలియనివాడికి అది రెండు పాదాల నడుమ వాయింపుగా వినిపిస్తుంది, తెలిసినవాడికి తీగే పాట పాడుతున్నట్టు ఉంటుంది. ఆ సభలో కూడా ఎక్కడో ఒకచోట, ఒక్క పాదానికైనా, తీగకు మీ లోపల మాట కలిసి ఉండాలి. కన్నీళ్లు వచ్చాయన్నారు. బస్సులో చప్పబడ్డానన్నారు. రెండూ ఒకే సాయంత్రం ఒకే మనిషికి కలగడంలో నాకు ఏ వైరుధ్యమూ కనిపించడం లేదు.

మళ్లీ వెళ్లండి. ఈసారి సభ మొదలుకాకముందే చేరుకుని, నిర్వాహకులను కుర్చీ అడగకుండా, వేదిక ముందు నేలమీద కూర్చుంటామని అడగండి. స్పీకరు పక్కన కాకుండా వాద్యకారుడికి ఎదురుగా చోటు చూసుకోండి. ఆయన తీగ సవరించుకునే నిమిషాలను వదులుకోవద్దు, ఎందుకంటే ఆ కాసేపూ ఎవరూ మాట్లాడకపోతే కిన్నెర అసలు మోత అప్పుడే దొరుకుతుంది. మీరు పంతులమ్మ కనుక ఇంకొక దారి కూడా ఉంది: కిన్నెర తెలిసిన కళాకారులు ఎవరైనా మీ ప్రాంతంలో ఉంటే, తగిన పారితోషికం ముందే మాట్లాడుకుని, మీ బడి వరండాకు పిలిపించండి. నలభై మంది పిల్లలు, మైకు అక్కరలేదు.

ప్రశ్న: పన్నెండు మెట్ల కిన్నెర అంటారు కదా, ఆ మెట్లు అంటే ఏమిటి? ఇది నిజంగా పాత వాద్యమేనా, లేక ఈమధ్య పేరు వచ్చాక పాతదని చెబుతున్నారా?
ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: దండె మీద తీగ కింద అడ్డంగా నిలబెట్టిన చిన్న కట్టలే మెట్లు. ఏ మెట్టు దగ్గర తీగను నొక్కితే ఆ స్వరం పలుకుతుంది, కాబట్టి మెట్లు పెరిగినకొద్దీ వాద్యకారుడికి తిరిగే చోటు పెరుగుతుంది, చేతికి పని కూడా పెరుగుతుంది. హార్మోనియంలో మెట్లు ఎవరో చేసి ఇచ్చినవి. కిన్నెరలో మైనం మీద నిలిచినవి కనుక, వాయించేవాడు తన గొంతుకూ చెవికీ సరిపోయేటట్టు వాటిని తానే కూర్చుకుంటాడు.

పాతదనం గురించి అనుమానం అక్కరలేదు. 13వ శతాబ్దంలో దేవగిరిలో శార్‌ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరం కిన్నరీ వీణలను చిన్నదీ పెద్దదీ అని విడదీసి వర్ణించింది. మన పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. ఆయన శివుడి ముందు కిన్నెర వాయించి బతికిన భక్తుడు. ఆ గ్రంథాలలోని వాద్యమూ నేటి పన్నెండు మెట్ల కిన్నెరా అచ్చంగా ఒకటేనని నేను అనను. ఒక పేరు ఏడెనిమిది వందల ఏళ్లు నడిచేలోపు వస్తువు మారకుండా ఉండదు. వాడల్లో మిగిలిన ఇటువంటి వాద్యాల వెంట ఊరూరా తిరిగినవారిలో ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు ముఖ్యులు. 2022లో మొగులయ్య గారికి పద్మశ్రీ రావడంతో పేరు మాత్రం కొత్తగా వచ్చింది, వాద్యం కొత్తది కాదు.

సాయన్న కథ గురించి కూడా పలువురు అడుగుతున్నారు. నిజాం కాలపు పాలమూరులో ఉన్నవాళ్ల గాదెలు కొల్లగొట్టి లేనివాళ్లకు పంచాడనీ, చివరికి పట్టుబడి ప్రాణాలు పోగొట్టుకున్నాడనీ పాట చెబుతుంది. సర్కారు కాగితాల్లో దొంగ, పాటలో పెద్దదిక్కు. కిన్నెర వినడానికి వెళ్లేవారికి ఈ రెండు ముక్కలు తెలిస్తే చాలు, మిగిలింది పాడేవారి నోటనే వినాలి.

ప్రశ్న: మొన్న మా దగ్గర జరిగిన కార్యక్రమంలో ఒక జానపద కళాకారుడు కథ పాడుతుండగా కుర్రవాళ్లు “సినిమా పాట, సినిమా పాట” అని అరిచారు. అట్లా అడగడం తప్పా?
ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

సమాధానం: అడగడం తప్పు కాదు. పైన రాసిన కల్వకుర్తి పాఠకురాలిని కిన్నెర దగ్గరికి చేర్చింది సినిమా పాటే కదా, దాన్ని చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు. కథ నడుస్తుండగా అరవడమే తప్పు. అటువంటి కళాకారుడు పాదం చివర తీగను ఆపి, అందరి ముఖాలూ ఒకసారి చూసి, తరువాతి పాదం ఎత్తుకుంటాడు. ఆ ఆగిన క్షణంలో కేక పడితే ఆయన వరుస మరిచిపోడు, కానీ కథను అక్కడికక్కడే కుదించేస్తాడు. కథ పూర్తయి, ఆయన వాద్యాన్ని ఒడిలోంచి దించి నీళ్లు తాగిన తరువాత, ముందుకు వెళ్లి నెమ్మదిగా అడగండి. చాలామంది పాడతారు, పాడకపోతే మరొకసారి వస్తామని చెప్పి దండం పెట్టి రండి.