అందరూ మెచ్చిన రెడ్ డెడ్ రిడంప్షన్ 2 వీడియో గేమ్ నాకు విసుగు పుట్టించింది. లోపం నా అభిరుచిలోనే ఉందా?

ఆరు గంటలు ఆడి ఆపేశానని, ఒక సొరుగు తెరవడానికి కూడా ఇంత సమయం పడితే ఎలాగని మీరు రాశారు. మీ అభిరుచిలో లోపమేమీ లేదు. మీరు చెప్పిన నిదానం ఆటలో నిజంగానే ఉంది, నాకు ఈ ఆట అంతగా నచ్చడానికి కారణం కూడా ఆ నిదానమే. 'మీకు ఆట అర్థం కాలేదు' అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. మీ ప్రశ్న చదివితే ఆట అర్థమైన తర్వాతే నచ్చలేదని తెలుస్తోంది.

రాక్‌స్టార్ సంస్థ 2018 అక్టోబరులో విడుదల చేసిన ఈ ఆటలో కథ 1899లో జరుగుతుంది. మనం ఆడే పాత్ర ఆర్థర్ మోర్గన్, ఒక దొంగల ముఠాలో నాయకుడికి నమ్మినబంటు. అతడు ఏదైనా ఇంట్లో సోదా చేస్తే బీరువా తలుపు తీయడం, లోపలున్న డబ్బాను చేతిలోకి తీసుకోవడం, దాన్ని సంచిలో వేసుకోవడం అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. జింకను కొడితే కత్తితో చర్మం ఒలిచేదాకా చూస్తూ నిలబడాలి, ఆ తర్వాత దాన్ని భుజాన వేసుకుని నడిచి వెళ్లి గుర్రం వీపు మీద వేయాలి. తుపాకీకి నూనె రాసి తుడవకపోతే దాని సత్తా తగ్గుతుంది. గుర్రానికి మేత పెట్టాలి, ఒంటికి బ్రష్షు పట్టాలి. ముఠా విడిదిలో అడుగు పెట్టాక బటన్ ఎంతసేపు నొక్కినా ఆర్థర్ పరుగెత్తడు, తన దారిన తాను నడుస్తాడు.

సమీక్షకులు దీన్నంతా వాస్తవికత అని మెచ్చుకున్నారు గానీ, నాకు ఆ మాట మీద పెద్ద పట్టింపు లేదు. నాకు నచ్చింది వేరే విషయం. బటన్ నొక్కగానే మాంసం నా ఖాతాలో జమ అయ్యే ఆటల్లో కనిపించిన జంతువునల్లా కాల్చేవాణ్ణి. ఈ ఆటలో చంపిన ప్రతి జింకను మోయాల్సి వస్తుంది కాబట్టి, ఎవరూ వద్దనకుండానే ఊరికే కాల్చడం మానేశాను. నియమం పెట్టకుండా నా నడవడిని మార్చిన ఆటలు నాకు చాలా తక్కువ తగిలాయి. మరొక సుఖం కూడా ఉంది. మ్యాపులో వెళ్లాల్సిన చోటు గుర్తు పెట్టి, దృశ్యాన్ని సినిమాలో లాగా చూపించే సినిమాటిక్ కెమెరాకు మారితే గుర్రం తనంతట తానే బాట పట్టుకుని పోతుంది. అప్పుడు కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని టీ తాగుతూ పొద్దు వాలడం చూస్తాను. దీన్ని ఆడటం అంటారా అని మా ఇంట్లో ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

అయితే ఈ అభిరుచులు ఎక్కడి నుంచి వస్తాయో ఇదమిత్థంగా చెప్పడం కష్టం. మా తరంలో చాలామంది ఆటలు నేర్చుకున్నది నెట్ సెంటర్లలో, గంటకు ఇంతని డబ్బు కట్టి. 2003లో కంప్యూటర్లకు వచ్చిన జీటీఏ వైస్ సిటీని అక్కడ కథ కోసం ఆడినవాణ్ణి నేను చూడలేదు. కుర్చీలో కూర్చోగానే కీబోర్డు మీద 'పాంజర్' అని కొడితే యుద్ధ ట్యాంకు ప్రత్యక్షమయ్యేది, దానితో వీధిలోని కార్లన్నీ తొక్కించుకుంటూ పోయేలోపే టైమ్ అయిపోయిందని యజమాని కేకేసేవాడు. అక్కడ ఖాళీగా గడిచే ప్రతి నిమిషమూ డబ్బు దండగే. అలా పెరిగినవారికి వేగమే నచ్చుతుందని అనుకోవచ్చు, నా పక్క కుర్చీలో ఆడిన మిత్రుడి విషయంలో అది నిజం కూడా. ఈనాటికీ అతడు కౌంటర్ స్ట్రైక్ అనే వేగంగా సాగే కాల్పుల ఆట తప్ప మరొకటి ముట్టుకోడు. అదే గదిలో, అదే గడియారం కింద ఆడిన నాకు మాత్రం నిదానం మీద మోజు పుట్టింది.

నచ్చకపోవడం ఎలా ఉంటుందో నాకూ తెలుసు. 2017లో వచ్చిన ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌ను నేను గౌరవిస్తాను గానీ ప్రేమించలేను. అందులో ఆయుధాలు కాసిని దెబ్బలకే విరిగిపోతాయి. ఒకే కత్తిని పట్టుకుని కూర్చోకుండా, దొరికిన ప్రతిదానితోనూ కొత్త ఉపాయం పన్నాలనే అలా పెట్టారని మా తమ్ముడు ఓపికగా వివరించాడు. ఆ కారణాన్ని పూర్తిగా ఒప్పుకున్నాను. అయినా మంచి కత్తి దొరికినప్పుడల్లా దాన్ని రేపటికని దాచుకుని, చెట్టుకొమ్మలతోనూ నేల తుడిచే కర్రతోనూ రాక్షసులతో తలపడుతూ చిరాకుపడ్డాను. 2023లో వచ్చిన తరువాయి ఆటలో ఆయుధాలకు రాళ్లూ కొమ్ములూ అతికించుకునే వీలు కల్పించారు తప్ప విరిగిపోవడాన్ని తీసేయలేదు. అంటే రూపకర్తలకు దాని మీద గట్టి నమ్మకమే ఉంది. ఒక ఏర్పాటు వెనుక ఉన్న కారణం తెలిసినంత మాత్రాన అది నచ్చి తీరాలన్న నియమం లేదు, కాబట్టి మీకు నిదానం వెనుక ఉన్న ఉద్దేశాన్ని ఎవరు ఎంత బాగా వివరించినా ఫలితం ఉంటుందని నేననుకోను.

అలాగని అన్నీ ఇష్టాయిష్టాలే అని వదిలేయడం నాకు సమ్మతం కాదు. నేను ఇంతగా ఇష్టపడే ఈ ఆటలోనే నేను లోపమని అనగలిగేది ఒకటుంది. మిషన్ల బయట, అంటే కథను నడిపే పనులు లేనప్పుడు, కొండలూ అడవులూ మీ ఇష్టం, ఎటైనా పోవచ్చు. మిషన్ మొదలైన క్షణం నుంచి మాత్రం రూపకర్తలు గీసిన గీత దాటకూడదు. శత్రువులను వెనుక నుంచి చుట్టుముట్టాలని కాస్త పక్కకు వెళ్తే చాలు, మిషన్ విఫలమైందని తెర మీద పడుతుంది. నిదానాన్ని ఆట మొదటి నుంచీ దాచకుండా చూపిస్తుంది, నచ్చనివారు పక్కకు తప్పుకోవచ్చు. ఇక్కడ మాత్రం తానే ఇచ్చిన స్వేచ్ఛను తానే లాక్కుంటోంది. కథ పట్టుగా నడవాలంటే తప్పదని అభిమానులు అంటారు, నాకు ఆ సమాధానం తృప్తినివ్వలేదు.

ఇక కొనసాగించాలా, వదిలేయాలా అన్నది. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్నవారు డబ్బు వాపసు అడగాలంటే 14 రోజుల లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా అడగాలి. మంచుకొండల్లో సాగే మొదటి అధ్యాయానికే సుమారు ఆ రెండు గంటలూ పడుతుంది, పైగా అది వీరాభిమానులకు కూడా భారంగానే ఉంటుంది. అక్కడే ఆపేసి ఉంటే ఇంకొంచెం చూడమనేవాణ్ణి. ఆరు గంటలంటే మీరు రెండో అధ్యాయంలో వాలెంటైన్ పట్టణం దాకా వచ్చే ఉంటారు, ఇకమీదట ఆట నడక పెద్దగా మారదు. నిశ్చింతగా వదిలేయండి.

ఆ ప్రపంచం నచ్చి, నడకే నచ్చకపోతే 2010 నాటి మొదటి రెడ్ డెడ్ రిడంప్షన్ ఆడి చూడండి. 2024 అక్టోబరులో కంప్యూటర్లకూ వచ్చింది. అందులో చర్మం ఒలవడం క్షణాల్లో ముగుస్తుంది. కాకపోతే దాని కథ 1911లో, రెండో ఆట సంఘటనల తర్వాత జరుగుతుంది. ఎప్పుడైనా మళ్లీ ఆర్థర్ దగ్గరకు వెళ్లే ఉద్దేశం ఉంటే, ముఠాలో కొందరి గతి ఏమైందో మీకు ముందే తెలిసిపోతుంది.