ఎర్రబడిన డిస్కులు, మెత్తబడిన పెడల్

ప్రశ్న: ‘ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ’ సినిమాలో పందెం మధ్యలో బ్రేకులు మొత్తం మార్చేస్తారు. నిజంగా జరిగిందా, కల్పనా?
– పాఠకుడు, విజయవాడ

నిజమే. 1966 లె మాన్స్ 24 గంటల పందెంలో దిగిన ఫోర్డ్ జీటీ40 మార్క్ 2 ఇంజిన్ ఏడు లీటర్ల వీ8. ముల్సాన్ అనే పొడవాటి తిన్నని దారిలో గంటకు 300 కి.మీ. దాటి వచ్చి, ఆ దారి చివర ఉన్న మలుపు దగ్గర ఒక్కసారిగా వేగం తగ్గాలి. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లు! చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కులు ఎర్రగా కాలతాయి, మళ్లీ తిన్నని దారిలో గాలికి చల్లారతాయి. ల్యాప్ ల్యాప్‌కీ ఇదే తంతు, దాంతో డిస్కు పగులుతుంది. పగలని డిస్కు కోసం తంటాలు పడే బదులు, డిస్కూ, దాన్ని నొక్కిపట్టే ప్యాడ్లూ పిట్‌లోనే (పందెం మధ్యలో కార్లు ఆగే చోట) చకచకా ఊడదీసి మార్చే ఏర్పాటు చేసినవాడు షెల్బీ జట్టు ఇంజినీరు ఫిల్ రెమింగ్టన్. సినిమాకు హీరోలు జట్టు యజమాని షెల్బీ, డ్రైవర్ మైల్స్ కావచ్చు; మా ఓటు మాత్రం రెమింగ్టన్‌కే.

ప్రశ్న: తిరుమల నుంచి దిగుతుంటే సగం దారిలో బ్రేకు పెడల్ మెత్తబడి కిందికి దిగిపోయింది. అరగంట ఆగాక మామూలైంది. కారుకు ఎనిమిదేళ్లు. మెకానిక్ ప్యాడ్లు మార్చమంటున్నాడు.
– పాఠకుడు, నెల్లూరు

ప్యాడ్లు వేడెక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. మీకు పెడలే దిగిపోయింది కాబట్టి మరిగింది బ్రేక్ ఆయిల్. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. బ్రేక్ ఆయిల్‌కు డాట్ 3, డాట్ 4 అని గ్రేడులుంటాయి. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు; తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగొచ్చు. డాట్ 4కు ఆ లెక్కలు 230, 155. మరిగితే పుట్టే ఆవిరి బుడగలు నొక్కుకుపోతాయి, కాలి బలం చక్రం దాకా చేరదు. చల్లారితే బుడగలు మాయం, పెడల్ మామూలు. షెడ్డులో ఎంత తొక్కి చూసినా తప్పు దొరకనిది ఇందుకే.

రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి. మూత తీయని కొత్త సీసా ఒక లీటరు సరిపోతుంది. ఏ గ్రేడో బానెట్ కింద బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా మూత మీదే ఉంటుంది. డాట్ 3 ఉన్నచోట డాట్ 4 పోయొచ్చు. డాట్ 5 సిలికాన్ ఆయిల్, అది మాత్రం వద్దు. చాలా బళ్లలో ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి కుడి ముందు చక్రంతో ముగిస్తారు, అయినా మాన్యువల్‌లో ఉన్న వరసే ఖాయం. చక్రం దగ్గర బ్రేకుకుండే నిపుల్‌కు (ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) గొట్టం తగిలించి, ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, ఇంకొకరు నిపుల్ వదులు చేసి మళ్లీ బిగించాలి, ఆ తరవాతే కాలు తీయాలి. తేట ఆయిల్ వచ్చేదాకా ఇంతే. పెడల్ కింద చెక్కముక్క పెట్టండి: పాత మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే భాగం) రబ్బరు వాషర్లు ఎప్పుడూ చేరని అడుగుదాకా వెళితే అక్కడి తుప్పుకు చిరుగుతాయి. డబ్బా ఖాళీ కానివ్వొద్దు. గాలి ఏబీఎస్ యూనిట్‌లో (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) దూరితే స్కానర్ ఉన్న వర్క్‌షాపుకు పోవాల్సిందే. పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి.

ఇక ఘాట్‌లో ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే గేరు. బ్రేకు మీద కాలు అలాగే ఉంచకుండా, ఒకసారి గట్టిగా తొక్కి వదిలేయండి. కాలిన డిస్కు మీద నీళ్లు పోస్తే వంకర పోతుంది.

ప్రశ్న: సైలెన్సర్ మార్పించి రేసింగ్ మొదలుపెడదామనుకుంటున్నా. సలహా?
– పాఠకుడు, హైదరాబాద్

2023 ఫిబ్రవరి 11న మీ హుస్సేన్ సాగర్ ఒడ్డున పరిగెత్తిన ఫార్ములా ఈ కార్లు కరెంటువి, వాటికి అసలు సైలెన్సరే లేదు! రోడ్డు బండికి మోత పెంచితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద రూ.10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. పందెం సరదా ఉంటే చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లోనో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో తీర్చుకోండి. సైలెన్సర్ డబ్బు ముందుగా బ్రేకు ప్యాడ్లకూ డాట్ 4 ఆయిల్‌కూ పెట్టండి. ట్రాక్ మీద మూడు నాలుగు రౌండ్లు గట్టిగా తిప్పాక, ఒక రౌండ్ బ్రేకు వీలైనంత తక్కువగా వాడుతూ నెమ్మదిగా తిరిగి లోపలికి రండి. బండి ఆపాక, బ్రేకులు చల్లారేదాకా హ్యాండ్‌బ్రేకు లాగొద్దు, గేర్లో వదిలి చక్రానికి రాయి పెట్టండి.